ఇంగ్లీషు గడప తొక్కి జపానుకు పోవాలా?

మా కరీంనగర్‌లో ఈమధ్య ఒక కొత్త వేదాంతం బయల్దేరింది. జపాను భాష నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు గట్టిగా రావాలట! తెలుగు మీడియం పిల్లలు ఆ జోలికే పోకూడదట. పోయినా పరీక్ష తప్పడం ఖాయమట. ఈ మాట అనేవాళ్ళు ఒకరిద్దరు కాదు. కోచింగు సెంటర్ల వాళ్ళంటారు, ఆడపిల్లల తండ్రులంటారు, పెళ్ళిపందిట్లో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి జపాను ముఖం ఎన్నడూ చూడకపోయినా ఆయనా అంటాడు. ఇది శుద్ధ అబద్ధం అంటాను నేను. ఊరికే అబద్ధమైతే పోనీలే అని ఊరుకుందును. ఆడపిల్లల అన్నం మీద పడే అబద్ధం కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

అసలు కరీంనగర్‌కూ జపానుకూ ఏమిటి సంబంధం అని మీకు అనుమానం రావచ్చు. మా జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటికొక మనిషి దుబాయో మస్కటో పోవడం మీరు ఎరిగిన కథే. మగవాళ్ళు పోయారు, ఆడవాళ్ళు ఫోను చేతబట్టుకుని ఇంట్లో మిగిలారు. ఇప్పుడు గాలి కొంచెం మళ్ళింది. జపానులో నూటికి ఇరవై తొమ్మిది మంది అరవై అయిదేళ్ళు దాటినవాళ్ళే. వాళ్ళను చూసుకునే చేతులు చాలక 2019 ఏప్రిల్‌లో వాళ్ళ ప్రభుత్వం పరదేశపు పనివాళ్ళకి ఒక కొత్త రకం వీసా పెట్టింది. 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం కుదిరింది. మన రాష్ట్రంలో ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ కూడా నర్సులకి జపాను భాష నేర్పించి పంపే ఏర్పాటు చేసింది. గోదావరిఖని, మంచిర్యాల, నిర్మల్ వైపు నర్సింగు చదివిన పిల్లలకి ఇది చిన్న విషయమా చెప్పండి!

అయితే మధ్యలో ఒక గడప ఉంది. అదే భాషా పరీక్ష. జె.ఎల్.పి.టి. అని పిలుస్తారు. 1984లో మొదలైనప్పుడు పదిహేను దేశాల్లో కలిపి ఏడు వేల మంది రాశారు. 2023 నాటికి ప్రపంచం మొత్తం మీద పన్నెండు లక్షలు దాటారు. అయిదు మెట్లు. అడుగున ఎన్-5, పైన ఎన్-1. వృద్ధుల సేవకి పోవాలంటే కిందనించి రెండో మెట్టు ఎన్-4 ఉండాలి, లేదా దానికి సమానంగా కంప్యూటరు మీద పెట్టే ఇంకో పరీక్ష ప్యాసవాలి. పని తెలుసా లేదా అన్న పరీక్షలు వేరే ఉన్నాయి. వాటి సంగతి ఇక్కడ ఎత్తను.

మా ఆడపడుచు కూతురు మంచిర్యాల దగ్గర పల్లెలో పుట్టింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. నర్సింగు చేసింది. రెండేళ్ళు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసింది. రోగి మంచం మీద పక్క మార్చేటప్పుడు దాని చెయ్యి చూడాలి మీరు! ఆ పిల్ల ఒక కోచింగు సెంటరుకి పోతే అక్కడి మేడంగారు మొదటి రోజే అడిగిందట, "నీకు ప్రిపోజిషన్లు వచ్చునా? రిలెటివ్ క్లాజు అంటే తెలుసునా?" అని. తెలియదంటే, "ముందు ఆరు నెలలు స్పోకెన్ ఇంగ్లీషులో చేరు, తర్వాత జపనీసుకి రా" అని పంపేసింది. ఆ ఇంగ్లీషు క్లాసు కూడా వాళ్ళదే, ఫీజు వేరే. ఇంటికొచ్చి పిల్ల ఏడుపు. వాళ్ళ బాపు మాత్రం "ఇంగ్లీషే సక్కగ రాకపాయె, ఇంక జపాను ఏమొస్తది బిడ్డా! ఊకో" అని తేల్చేశాడు.

నేను ఊకోలేదు. ఎందుకంటే ఆ పరీక్ష నేను రాశాను. ఎన్-5 రాశాను, ఎన్-4 రాశాను, రెండూ ప్యాసయ్యాను. యాభై దాటాక రాశాను. అప్పుడు మా వీధిలో జరిగిన సన్మానం చెప్పాలంటే వేరే వ్యాసం అవుతుంది. "ఈ వయసుల గిదేం సోకు వదినే?" అని ఒకామె, "కొడుకు జపాన్ల ఉన్నడా?" అని ఒకామె. కొడుకు లేకపోతే తల్లికి భాషతో పనేమిటని! మా వంగర పి.వి. నరసింహారావుగారు పెద్ద వయసులో స్పానిష్ నేర్చుకుంటే బహుభాషా కోవిదుడు అని పొగిడిన ఊళ్ళే ఇవి. సరే, ఆ మాట పక్కన పెడతాను. నా మాటకి ఆధారం నా సర్టిఫికెట్టు కాదు. ఆధారం ఆ భాషలోనే ఉంది. కొంచెం ఓపిక పట్టి చూడండి.

"నేను నిన్న మార్కెట్‌లో చేపను కొన్నాను." దీన్ని జపనీసులో ఇలా అంటారు: "వతషి వ కినో ఇచిబ దె సకన ఒ కైమషిత." వతషి వ అంటే నేను. కినో అంటే నిన్న. ఇచిబ అంటే మార్కెట్టు, దె అంటే లో. సకన అంటే చేప, ఒ అంటే ను. కైమషిత అంటే కొన్నాను. వేలు పెట్టి చూసుకోండి. ఏ మాట ఎక్కడుందో మన మాటా అక్కడే ఉంది. మన విభక్తులు మాట వెనక తోకలా అంటుకున్నట్టే వాళ్ళవీ అంటుకుంటాయి. క్రియ చివర వస్తుంది, మనకీ చివరే. ఇప్పుడు ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టి చూడండి. కొన్నాను ముందుకొస్తుంది, లో అన్నది మార్కెట్టుకి ముందు కూర్చుంటుంది, నిన్న వెళ్ళి చివర నిలబడుతుంది. ఇంగ్లీషు మీదుగా నేర్పే మేడంగారు ఒక వారం రోజులు బోర్డు మీద బాణాలు గీసి, దీన్ని ఇటు తిప్పాలి, దాన్ని అటు తిప్పాలి అని చెబుతుంది. మన పిల్ల ముందు తెలుగు వాక్యాన్ని తలకిందులు చేసి ఇంగ్లీషు చెయ్యాలి. ఆ ఇంగ్లీషును మళ్ళీ తలకిందులు చేసి జపనీసు చెయ్యాలి. రెండుసార్లు తలకిందులు చేస్తే ఏమవుతుంది? బయల్దేరిన చోటికే వస్తాం. దానికి ఫీజొకటి!

ఇంగ్లీషు పుస్తకాలన్నిటిలోనూ పెద్ద గండంగా చెప్పేది "తె" రూపం. దాన్ని దాటలేక చాలామంది దొరలూ దొరసానులూ చదువు మానేస్తారని వినికిడి. ఏమిటా అని చూస్తే అది మన చేసి, తిని, వచ్చి! చిన్నప్పుడు తెలుగు మాస్టారు క్త్వార్థకం అని బెదిరించారు గానీ, రోజుకి వందసార్లు వాడుతూనే ఉన్నాం. "పొద్దున్న లేచి, మొహం కడిగి, టీ తాగి, బస్సెక్కి వచ్చాను" అంటే, "అస ఒకితె, కఒ ఒ అరత్తె, ఒచ ఒ నొందె, బసు ని నొత్తె కిమషిత." ఒకే ఊపిరి, చివర ఒకే ఒక్క క్రియ. మా ఆడపడుచు కూతురికి ఇది చెప్పడానికి నాకు ఉప్పుడుపిండి ఉడికినంత సేపు పట్టింది.

అంతటితో ఆగితే ఆశ్చర్యం లేదు. మనం "తిని చూడు" అంటాం కదా. తినడం నోటితో, చూడడం కంటితో, రెంటికీ పొత్తేమిటి? ఇంగ్లీషువాడికి చెబితే బుర్ర గోక్కుంటాడు. జపానువాళ్ళు "తబెతె మిరు" అంటారు. తబెతె అంటే తిని, మిరు అంటే చూడు. పండక్కి చీర ముందే కొని పెట్టాను అంటాం. వాళ్ళు "కత్తె ఒకు" అంటారు, కొని పెట్టు. రేపు వస్తానని అన్నాడు అంటాం. వాళ్ళు "అషిత కురు తొ ఇత్త" అంటారు. ఆ తొ ఉందే, అది మన "అని". ఇంగ్లీషు పుస్తకం దానికి ఒక పేజీ వివరణ రాసింది. మనకి రెండక్షరాలు చాలు. నిన్న కొన్న చీర అనడానికి ఇంగ్లీషులో "నేను నిన్న ఏదైతే కొన్నానో ఆ చీర" అని డొంకతిరుగుడు. ఆ మేడంగారు అడిగిన రిలెటివ్ క్లాజు ఇదే. జపానులో "కినో కత్త కిమోనో", నిన్న కొన్న కిమోనో, అయిపోయింది. ఆ పిల్లకి ఏది రాదని గెంటేశారో అది జపనీసులో లేనే లేదు!

అక్కకి ఒక మాట, చెల్లెలికి ఒక మాట, అన్నకి ఒకటి, తమ్ముడికి ఒకటి ఇంగ్లీషులో లేవు. సిస్టరు అంటే ఎవరో అడిగి తెలుసుకోవాలి. జపానులో అక్క అనె, చెల్లెలు ఇమోతొ, అన్న అని, తమ్ముడు ఒతోతొ. మనుషుల్ని లెక్కపెట్టడానికి మనకి ఒకరు, ఇద్దరు, ముగ్గురు వేరే ఉన్నట్టే వాళ్ళకీ హితొరి, ఫుతరి, సన్నిన్ వేరే ఉన్నాయి. చీరల్ని ముగ్గురు అనం కదా! వాళ్ళూ అనరు. గుండె దడదడ కొట్టుకుంటే వాళ్ళకి దొకిదొకి. గిన్నె తళతళలాడితే పికపిక. ఎవరైనా జపనీసు గడగడ మాట్లాడితే పెరపెర. ఇలాంటి జంట మాటలు వాళ్ళకి వందల కొద్దీ. తెలుగింట్లో పుట్టిన పిల్ల వీటికి బెదురుతుందా?

మర్యాదల సంగతి ఇంకా ముఖ్యం. వృద్ధుల సేవకి పోయే పిల్లకి ఇదే ప్రాణం. పెద్దవాళ్ళు మాట్లాడితే సెలవిచ్చారు అంటాం, మనం మాట్లాడితే మనవి చేసుకున్నాం అంటాం. వాళ్ళు వస్తే విచ్చేశారు. ఈ మాటలు ఇప్పుడు శుభలేఖల్లోనూ సభల్లోనూ మాత్రమే మిగిలాయి గానీ, లోపల ఉన్న పద్ధతి మన నరాల్లో ఉంది. జపనీసులో పెద్దవాళ్ళు చెప్పడానికి ఒశ్శరు, మనం విన్నవించుకోవడానికి మోసు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే "సే". ఆ ఒక్క మాట మీదుగా ఈ రెండిటినీ నేర్పడం అంటే ఒక్క బిందె నీళ్ళతో రెండు పెళ్ళిళ్ళు చేయడం. ఎన్-4లో ఈ మర్యాద మాటల మీద ప్రశ్నలు వస్తాయి. మా అత్తమ్మ ముందు నిలబడి మాట్లాడిన కోడలికి అందులో మార్కులు పోతే నన్నడగండి.

ఇక చెవి సంగతి. ఎన్-4 మొత్తం నూటఎనభై మార్కులు. తొంభై వస్తే ప్యాసు. కానీ అందులో వినికిడి అరవై మార్కులు, దాంట్లో కనీసం పంతొమ్మిది రావాలి. రాకపోతే మిగతాదాంట్లో నూరు వచ్చినా తప్పినట్టే. టేపు ఒక్కసారే వినిపిస్తారు. మళ్ళీ వెయ్యండి బాబూ అంటే వెయ్యరు. అక్కడ ఏం వినాలి? ఒబసన్ అంటే పిన్నో అత్తో, ఒబాసన్ అంటే అమ్మమ్మో నానమ్మో. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ళ. తేడా ఒక దీర్ఘం, ఒక ఒత్తు. గడికీ గడ్డికీ, కలకీ కాలకీ తేడా పాలు తాగేనాటినుంచి తెలిసిన చెవి మనది. ఇంగ్లీషు చెవికి ఆ తేడా పట్టదు, ఇంగ్లీషు రాతకి అసలే పట్టదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ దీర్ఘం ఒకచోట గుర్తు పెడతారు, ఒకచోట వదిలేస్తారు. పిన్నిగారు కాస్తా నానమ్మగారవుతారు. మన అక్షరంలో దీర్ఘం దీర్ఘమే, ఒత్తు ఒత్తే. సునామీ అని మనం ఇంగ్లీషు చూసి పలుకుతున్నాం గానీ జపానువాడు త్సునమి అంటాడు. ఆ త్సు ఎక్కడినుంచి తేవాలి అంటారా? చుక్క అనండి. చాలు అనండి. మన ఇళ్ళలో పలికే ఆ దంత్యపు చకారమే అది. ఇంట్లో ఉన్న సరుకుకి బజారెందుకు?

వాళ్ళ అక్షరమాల కూడా అ ఇ ఉ ఎ ఒ, క, స, త, న అని నడుస్తుంది. బౌద్ధ భిక్షువుల వెంట పోయిన సంస్కృతపు వర్ణక్రమం చూసి పెట్టుకున్న వరస అది. అంతెందుకు, మన బాసర సరస్వతమ్మే అక్కడ బెంజైతెన్ అనే పేరుతో, చేతిలో వాళ్ళ వీణ లాంటి బివ పట్టుకుని పూజలందుకుంటోంది. బాసరలో పలక పట్టి ఓనమాలు దిద్దిన పిల్లకి ఆ తల్లి అక్కడ పరాయిదవుతుందా?

ఇంత చెప్పానని రెండూ ఒక తల్లి బిడ్డలంటున్నానని అనుకోకండి. సుసుము ఓనో అనే జపాను పండితుడు తమిళానికీ జపనీసుకీ చుట్టరికం కలిపాడు. భాషాశాస్త్రం తెలిసినవాళ్ళలో చాలామంది ఒప్పుకోలేదు. చుట్టరికం ఉన్నా లేకపోయినా నాకు పట్టింపు లేదు. పక్కింటామె చుట్టం కాకపోయినా ఆమె వంట మన వంటలాగే ఉంటే, కూర ఎలా చేశావని సైగ చాలు.

తెలుగు సాయం చెయ్యని చోట్లు కూడా ఉన్నాయి. దాచను. కంజీ అనే చైనా అక్షరాలున్నాయి. వాళ్ళ రోజువారీ వాడకానికని 2010లో సవరించిన పట్టికలో రెండు వేల నూటముప్ఫయి ఆరు. ఎన్-4 వాళ్ళకి కొన్ని వందలు వస్తే గడుస్తుంది. ఒక్కో అక్షరానికి రెండు మూడు పలుకులు. పుట్టుక, బతుకు, పచ్చిదనం అనే అర్థాలున్న ఒక అక్షరం ఒకచోట సే, ఒకచోట షో, ఒకచోట నమ. రాసినట్టు పలికే అలవాటున్న మనకి ఇది తలనొప్పే. వ, గ అనే రెండు ప్రత్యయాల తేడా నాకు ఇప్పటికీ తిప్పలు పెడుతుంది. కానీ ఈ కష్టం ఇంగ్లీషు వచ్చినవాళ్ళకీ అంతే. ఇంగ్లీషు ఎం.ఎ. చేసినా కంజీ ఒక్కటీ తగ్గదు. పైగా ముగ్గు చుక్కల వరస, గీత ఎటునుంచి ఎటు లాగాలో కంటికి పట్టిన ఆడవాళ్ళం. ఆ గీతల వరస నాకు మరీ అంత కొత్తగా అనిపించలేదు.

"ఎంత చెప్పినా పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి కదా పిన్నీ" అంటుంది మా పొరుగింటి అమ్మాయి. ఉన్నాయి. అదే నా పోట్లాట. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టారు. ఎవరికోసం? కుంపిణీ దొరలకి తెలుగూ తమిళమూ నేర్పి, పరీక్ష పెట్టి, ప్యాసయితే జిల్లాలకి పంపడానికి. 1816లో క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణం రాశాడు. ఇంగ్లీషులో రాశాడు. 1817లో వచ్చిన బ్రౌను దొర అక్కడే తెలుగు మొదలుపెట్టాడు, తర్వాత ఆయనే నిఘంటువు తయారుచేశాడు. దొరలకి తెలుగు నేర్పాలంటే దొరల భాషలో పుస్తకం కావాలని ఆనాడే వాళ్ళకి తోచింది. మంచిదే. రెండు వందల ఏళ్ళు దాటాక మన పిల్లకి జపనీసు నేర్పాలన్నా దొరల భాషలోనే పుస్తకం కావాలా? ఇదెక్కడి న్యాయమండీ?

మా తాతగారి తరం లెక్కలూ చరిత్రా ఉర్దూలో చదివింది. 1918లో పెట్టిన ఉస్మానియాలో చదువంతా ఉర్దూలోనే కదా. మా తరం ఇంగ్లీషు వాకిట్లో నిలబడింది. ఈ వైపు వాళ్ళకి ఎప్పుడూ ఎవరో ఒకరి గుమ్మంలోంచే చదువు. ఒక్కసారి మాత్రం తలుపు తిన్నగా తెరిచారు. ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు నైజాం ప్రభుత్వం తరఫున 1943లో గోండు ఉపాధ్యాయులకి శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండు పిల్లలకి గోండిలోనే మొదటి వాచకాలు తయారయ్యాయి. ఎక్కడో పుట్టిన ఆయనకి తెలిసింది, పిల్లకి వచ్చిన భాషలోంచి రానిదాన్ని నేర్పాలని. గోండిలో కూడా క్రియ చివరే వస్తుంది. అంచేత ఉట్నూరు గోండు పిల్లకీ జపనీసు దగ్గరి దారే. ఆదిలాబాద్ అంగడిలో గోండి, మరాఠీ, తెలుగు, ఉర్దూ నాలుగింట్లో బేరమాడే ఆడమనిషిని చూసి, దీనికి భాషలు రావు అనేవాడి తెలివికి దణ్ణం పెట్టాలి.

పరీక్ష అంటే దేవుడు చెక్కిన శిలాశాసనం అనుకునే వాళ్ళకి ఇంకో సంగతి. 2008లో ఇండొనేషియా నుంచి, మరుసటేడు ఫిలిప్పీన్స్ నుంచి నర్సుల్ని జపాను పిలిపించుకుంది. అందరూ సొంత దేశంలో పనిచేసి వచ్చిన నర్సులే. 2009లో జపాను జాతీయ నర్సింగు పరీక్ష ఎనభై రెండు మంది రాస్తే ఒక్కరు ప్యాసవలేదు. మరుసటేడు రెండు వందల యాభై నాలుగు మంది రాస్తే ముగ్గురు. వాళ్ళకి నర్సింగు రాకనా? కాదు, ఆ కంజీల వల్ల. వాళ్ళ దేశంలోనే పెద్ద గోల అయింది. ప్రశ్నల్లో భాష సులువు చేశారు, రోగాల పేర్లకి ఇంగ్లీషు చేర్చారు, తర్వాత కంజీల మీద పలుకు అచ్చువేసి, టైము పెంచారు. ప్యాసయ్యేవాళ్ళు పెరిగారు. జపానువాళ్ళే తమ పరీక్షను పనివాళ్ళ కోసం మార్చుకుంటే, మన కోచింగు సెంటరు తన బోర్డు మీద నాలుగు తెలుగు ముక్కలు రాయడానికి నామోషీ పడుతోంది!

"సర్టిఫికెట్టు వస్తే చాలు కదా, ఎలా నేర్చుకుంటే ఏం?" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ పరీక్షలో నోరు తెరవక్కర్లేదు. చేత్తో ఒక వాక్యం రాయక్కర్లేదు. నాలుగు జవాబుల్లో ఒకదాని మీద పెన్సిలుతో నల్లగా దిద్దడమే. హైదరాబాదులో ఆ హాల్లో నా చుట్టూ కూర్చున్న పిల్లలు ఎంత భయపడుతున్నారో! నా వెనక పిల్ల గోళ్ళు కొరుకుతూ ఇంగ్లీషులో రూల్సు వల్లె వేస్తోంది. ఆ పిల్ల ప్యాసయి ఉండవచ్చు, అవుగాక. కానీ ఒసాకాలోనో ఇంకో ఊళ్ళోనో రాత్రి రెండు గంటలకి ఎనభై అయిదేళ్ళ ముసలావిడ, నడుం దగ్గర ఏదోలా ఉందమ్మా అంటే, ఆ పిల్ల బుర్రలో మాట ఎటునుంచి తిరిగి రావాలి? జీతం కాగితం మీద ఏ ఖర్చు కింద ఎంత కోశారో ఎలా చదవాలి? ఎడారి దేశాలకి పోయిన మా వైపు మగవాళ్ళు ఎంతమంది చదవరాని కాగితాల మీద వేలిముద్రలు, సంతకాలు పెట్టారో ఆ ఇళ్ళ ఆడవాళ్ళని అడగండి. మన పిల్లలకి భాష కావాల్సింది వీసా ముద్ర కోసం మాత్రమే కాదు. అక్కడ ఒంటరిగా ఉన్నప్పుడు, "ఇది తప్పు, నేను ఒప్పుకోను" అని మర్యాదగా, గట్టిగా అనగలగడం కోసం.

ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. ఇంగ్లీషు కావాలనుకున్న రోజు ఇంగ్లీషే నేర్చుకోనివ్వండి, దాని ఫీజు దానికి కట్టనివ్వండి. జపానుకు పోయే బస్సుకి ఇంగ్లీషు టిక్కెట్టు కొనమనడం మాత్రం దగా.

హైదరాబాదులో విదేశీ భాషలకి పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. తెలుగులో పాఠ్యపుస్తకాలు వెయ్యడానికి 1968లో తెలుగు అకాడమీ పుట్టింది. 1985లో తెలుగు పేరుతోనే ఒక విశ్వవిద్యాలయం పుట్టింది. జపనీసు తెలిసిన పంతులుగారొకరు, తెలుగు వ్యాకరణం తెలిసిన పంతులమ్మ ఒకరు ఒక వేసవి సెలవులు కూర్చుంటే ఎన్-5కీ ఎన్-4కీ చాలే పుస్తకం తయారవుతుంది. దాని ఖర్చు ఎంత? సభల్లో కప్పే శాలువాల ఖర్చు కాదూ! కోచింగు సెంటర్లలో కట్టిన ఫీజుకి తెలుగులో పాఠం చెప్పమని తల్లులు అడగాలి. మొహమాటం లేకుండా అడగాలి. చీర రంగు పోతే షాపువాణ్ణి అడగమా?

మా ఆడపడుచు కూతురు ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఇంటికొస్తోంది. డిసెంబరు మొదటి ఆదివారం దాని పరీక్ష. ఎడమ పేజీలో జపాను వాక్యం, కుడి పేజీలో దాని కిందే తెలుగు, మాటకి మాట, ఇలా రెండు వందల పేజీల నోటుబుక్కు నేను రాసి పెట్టాను. వాళ్ళ బాపు మొన్న వచ్చి, ఆ నోటుబుక్కు తిప్పి చూసి, "తబెతె మిరు... తిని సూడు... అరే, గిది మన లెక్కనే ఉన్నది గదనే!" అన్నాడు. ఆ తర్వాత మూడు రోజులుగా ఆయనే దాన్ని బండి మీద దింపి పోతున్నాడు. ఆ నోటుబుక్కు నకలు మా వీధి చివర జిరాక్సు షాపులో పెట్టించాను. పేజీ లెక్కన డబ్బులు ఆ అబ్బాయికే ఇవ్వండి, నాకేమీ అక్కర్లేదు. తొంభై ఆరో పేజీలో వ, గ ల సంగతి రాసిన చోట కొంచెం సిరా అలుక్కుంది. అది చదవలేకపోతే మాత్రం మా ఇంటికి రండి, కూర్చుని చెప్పుకుందాం.